డుకేసాకి జుట్టు మొలిచేదాకా

"ఎవడ్రా మా డుకేసాకి కాలిన ఇంజినాయిలు పూసింది?"

పొద్దున్నే, స్టవ్ మీద కాఫీ ఇంకా పొంగకముందే ఈ కేక వినబడింది. ఇక మా లోగిలిలో తెరుచుకోని తలుపు లేదు. హవానాలో, అందునా మా సెర్రో పేటలో, కరెంటు లేకపోయినా నీళ్ళు రాకపోయినా సర్దుకుంటాం కానీ పక్కింటి గొడవని మాత్రం వదులుకోం.

మేడమెట్ల మీద దయామి నిలబడి ఉంది. పడుకునే గౌనుతోనే వచ్చేసింది. ఒక చంకలో కుక్క, ఇంకో చేతిలో గుప్పెడు తెల్ల జుట్టు. కుక్క వాలకం చూసి మిగ్దాలియా అత్త గుండెల మీద సిలువ వేసుకుంది.

డుకేసా అంటే దొరసాని. పేరుకు తగ్గట్టే ఉండేది. మా ఊరి పేరు పెట్టుకున్న జాతి అది. పిల్లి అంత కుక్క, ఒళ్ళంతా అలలు అలలుగా పొడుగాటి జుట్టు. నడుస్తుంటే కాళ్ళు కనబడేవి కావు, తెల్లటి దూదిమూట దానంతటదే దొర్లిపోతున్నట్టుండేది. అలాంటిది ఇవాళ వీపంతా గులాబీరంగు చర్మం, అక్కడక్కడా విరిగిన పోచలు. తోక మొదట్లో మాత్రం చేతి వెడల్పున నల్లటి జిడ్డు మరక.

వాకిట్లో పాత షెవర్లే కారు కింద నుంచి రెండు కాళ్ళు, ఆ తర్వాత నడుము, చివరికి తల బయటికొచ్చాయి.

"నేనే," అన్నాడు అమౌరీ.

మా పేటలో రెండు జుట్లకి పేరు. ఒకటి డుకేసాది, రెండోది ఈ మెకానిక్‌ది. నుదుటి మీదికి పొంగి వెనక్కి తిరిగే నల్లని జుట్టు. కారు కిందికి దూరేముందు దానికి గుడ్డ చుట్టుకునేవాడు, బయటికొచ్చాక అద్దంలో చూసుకునేవాడు. చేతులకి మడ్డి ఉన్నా పరవాలేదు, పాపిడి చెదరకూడదు.

"నువ్వా! నిన్నెవరు పిలిచారు మా కుక్కకి వైద్యం చెయ్యమని?" దయామి మెట్లు దిగింది.

"అదే వచ్చింది నా దగ్గరికి. నిన్న తోక దగ్గర కొరుక్కుంటూ గుండ్రంగా తిరుగుతోంది. గజ్జేమో అనుకున్నా. మా తాత కూడా అంతే చేసేవాడు, కాలిన ఆయిలు కాస్త పూసేవాడు, తగ్గిపోయేది."

"మీ తాత పెంచింది కుక్కనా, ట్రాక్టర్నా?"

లోగిలంతా ఘొల్లుమంది. అమౌరీ చెవులు ఎర్రబడ్డాయి.

"ఇవాళ మధ్యాహ్నం బస్సుకి మా అమ్మమ్మ దిగుతుంది. దీన్ని చూస్తే గుండాగిపోతుంది ఆవిడకి. ఏం చెప్పమంటావు నన్ను?"

"నువ్వేం చెప్పక్కర్లేదు దయామీ. నేనే చెప్తాను. తప్పు నాది."

అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. తిట్టడానికి ఇంకా బోలెడు మాటలు నోటిదాకా వచ్చి ఉన్నాయి. అన్నీ మింగేసి, కుక్కని గట్టిగా అదుముకుని గబగబా మెట్లెక్కి తలుపేసుకుంది. సిగ్గుతో ఒళ్ళంతా మండిపోతోంది.

ఎందుకంటే స్నానాలగదిలో, బకెట్ వెనకాల, ఖాళీ క్రీమ్ ట్యూబు ఒకటి దాచి ఉంది.

దయామి హెయిర్ డ్రెస్సర్. ముందుగదే సెలూన్. మా పేటలో పదిహేనో పుట్టినరోజు చేసుకునే ఆడపిల్లలూ పెళ్ళికూతుళ్ళూ ఆమె కుర్చీ కోసం కాచుకుని కూర్చునేవాళ్ళు. ఎంత రింగుల జుట్టయినా గీత గీసినట్టు సాపు చేస్తుందని పేరు. ఒర్తెన్సియా అమ్మమ్మ తన చెల్లెల్ని చూడ్డానికి మతాన్సాస్ ఊరు వెళుతూ కుక్కని ఈమెకి అప్పగించింది. "రోజూ దువ్వు, మర్చిపోకు," అని మరీ మరీ చెప్పింది. పెళ్ళిళ్ళ రోజులు కావడంతో దయామి మర్చిపోయింది. అమ్మమ్మ వచ్చే ముందురోజు చూస్తే డుకేసా ఒంటినిండా చిక్కులు, ఉండలు కట్టి దువ్వెన దిగడం లేదు. జుట్టు జుట్టే కదా అనుకుంది. మనుషులకి వాడే స్ట్రెయిటెనింగ్ క్రీమ్ వీపంతా పట్టించింది. ఇంతలో ఎవరో పెళ్ళికూతురు తలుపు కొట్టింది. క్రీమ్ ఉండాల్సినదానికంటే చాలాసేపు ఉండిపోయింది. గుర్తొచ్చాక కడిగేసి, ఆరడానికి కుక్కని వాకిట్లోకి వదిలింది.

తెల్లారి జుట్టు చేతికొచ్చేసింది. ఏడుపు గొంతులో ఉండగానే తోక దగ్గర ఆ నల్లమరక కనబడింది. అది చూడగానే ఆమెకి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ తల ఎత్తలేనంటుంది.

మధ్యాహ్నం బస్సు దిగి వచ్చిన ఒర్తెన్సియా అమ్మమ్మ అరవలేదు. తిట్టలేదు. డుకేసాని శాలువాలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అమౌరీ గుమ్మంలో టోపీ చేత పట్టుకుని నిలబడి, "నేనే అమ్మమ్మా, తెలియక పూశాను," అన్నాడు.

"నా కళ్ళెదుట నిలబడకు," అంది ఆవిడ. అంతే.

ప్రతి సాయంత్రం ఎండ తగ్గగానే ఆవిడ బాల్కనీలో కూర్చుని తాబేటిడొప్ప దువ్వెనతో డుకేసాని దువ్వేది. కింద వెళ్ళేవాళ్ళు ఆగి పలకరించేవాళ్ళు, కబుర్లు నడిచేవి. ఆ సాయంత్రం బాల్కనీ తలుపులు తెరుచుకోలేదు. మర్నాడూ తెరుచుకోలేదు. డుకేసా మంచం కిందికి దూరి అన్నానికి కూడా బయటికి రావడం మానేసింది.

"కుక్కలకి సిగ్గుంటుందంటావా?" అని మిగ్దాలియా అత్త నన్నడిగింది. డుకేసాకి మాత్రం ఉంది. దయామికి దానికంటే ఎక్కువ ఉంది, కానీ అది మాకప్పుడు తెలీదు.

బసుల్తో అనే జంతువుల డాక్టరమ్మ దగ్గరికి కుక్కని అమౌరీయే కార్లో తీసుకెళ్ళాడు. దయామి వెనకసీట్లో కూర్చుంది.

డాక్టరమ్మ కళ్ళజోడు సవరించుకుని ముందు తోక చూసింది. "ఆయిలు పూసిన మహానుభావుడెవరు?"

"నేనేనండీ."

"ఇది నాకితే లోపలికి పోయి కాలేయం పాడవుతుంది. ఇంకోసారి పూశావంటే నిన్ను తీసుకెళ్ళి ఆ ఆయిల్లో ముంచుతా. సరే, ఇక్కడ చర్మం కమిలింది, మానుతుంది." చెయ్యి వీపు మీదికి పోనిచ్చి ఆగింది. ఒక పోచని వెలుతురుకి పట్టి చూసింది. "ఇది మాత్రం వేరేలా ఉందే. కుదురు బాగానే ఉంది, వెంట్రుక మధ్యకి విరిగింది. రంగుగానీ, క్రీమ్ గానీ, ఏమన్నా పెట్టారా?"

దయామి వంగి డుకేసా మెడ నిమిరింది.

"అబ్బే, లేదండీ," అన్నాడు అమౌరీ. "ఈవిడకి ఈ కుక్కంటే ప్రాణం. నా పాత ఇంజిన్‌లో లేని విషం ఉండదు డాక్టరుగారూ, ఆయిల్లో ఏం కలిసి చచ్చిందో."

డాక్టరమ్మ దయామి వేళ్ళ వంక చూసింది. గోళ్ళ చుట్టూ హెయిర్‌డై మరకలు. చేతులు కడుక్కోడానికి లేచింది.

"కుదుళ్ళు బతికే ఉన్నాయి కాబట్టి వస్తుంది. మెల్లిగా వస్తుంది. బట్టలసబ్బు దగ్గరికి రానివ్వకండి. గోరువెచ్చని నీళ్ళు, నేనిచ్చే షాంపూ, అదీ వారానికోసారి చాలు. ఎండలోకి తీసుకెళ్తే ఒంటిమీద పల్చటి గుడ్డ ఉండాలి. చేప పెట్టండి, ఉడికించిన గుడ్డు పెట్టండి. జుట్టు మొలవడం మొదలయ్యాక పొడిగా దువ్వితే మళ్ళీ విరుగుతుంది, కాస్త నీళ్ళు చిలకరించి, కొసల నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. ఓపిక ఉందా?"

"నాకుంది," అన్నాడు అమౌరీ.

దయామి తల ఊపింది. అప్పటిదాకా ఆమె మనసులో ఒక మూల 'ఏమో, ఆయిలేనేమో' అన్న ఆశ ఉండేది. అదీ పోయింది.

రెండ్రోజుల తర్వాత సెలూన్ కర్టెన్ తొలగించి అమౌరీ లోపలికొచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. చేతులు మోచేతులదాకా తోముకున్నాడు.

"ఏం కావాలి?" అంది దయామి అతన్ని చూడకుండా.

"గుండు."

కత్తెర ఆమె చేతిలోంచి జారి నేల మీద పడింది. "ఏంటీ?"

"కుక్కల్ని కాచే సాన్ లాసరోకి మొక్కుకున్నా. డుకేసాకి జుట్టు మొలిచేదాకా నాకూ ఉండకూడదు. మొలిచాక డిసెంబర్లో ఆయన పండగరోజు రింకోన్ చర్చిదాకా మోకాళ్ళ మీద నడుస్తా."

"నీకేమన్నా పిచ్చా?"

"అది మంచం కింద నుంచి రావట్లేదని మిగ్దాలియా అత్తతో నువ్వేగా అన్నావు. వీధిలోకి రావడానికి సిగ్గు దానికి. పక్కన ఇంకో బోడితల ఉంటే కాస్త ధైర్యంగా ఉంటుంది కదా."

దయామికి నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలో ఉండగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాకు గుండ్లు చేతకాదు. పక్కవీధిలో ఆ ముసలాయన దగ్గరికెళ్ళు."

"నీ చేత్తోనే కావాలి. ఒప్పుకున్నది నీ ముందు, తీర్చుకోవాల్సింది నీ ముందే." కుర్చీలో కూర్చుని అద్దంలోంచి ఆమెని చూశాడు. "నిజం చెప్పనా? ఈ కుర్చీలో కూర్చోవాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నా. నీ చేత్తో ఒక్కసారైనా కటింగ్ చేయించుకోవాలని. ధైర్యం చాలక కర్టెన్ దాకా వచ్చి వెళ్ళిపోయేవాణ్ణి. ఇవాళ కూర్చున్నా. చూడు నా అదృష్టం, కటింగ్ చెయ్యడానికి ఏమీ మిగలదు."

మెషిన్ ఆన్ చేసింది. నుదుటి మీద పొంగే ఆ జుట్టు, పేటలో అమ్మాయిలు వెనక్కి తిరిగి చూసే ఆ జుట్టు, తువ్వాలు మీదికి మెత్తగా రాలింది. చెప్పేయాలి, ఇప్పుడే చెప్పేయాలి అనుకుంది. పెదవి కదిలింది. కర్టెన్ అవతల బెంచీ మీద ఒక తల్లీ కూతురూ కూర్చుని ఉన్నారు, పుట్టినరోజు జడల సంగతి మాట్లాడుకోడానికి. కుక్క జుట్టు ఊడగొట్టిన మనిషి చేతికి ఎవరు పిల్ల తలని అప్పగిస్తారు? దయామి మెషిన్ మళ్ళీ ముందుకి నడిపింది.

బోడితల మీద వెచ్చగా ఒక చుక్క పడింది.

"కప్పు కారుతోందా?" అన్నాడు అమౌరీ.

"చెమట," అంది.

ఆ మర్నాటి నుంచి మా వీధికి కొత్త వేడుక మొదలైంది. ఎండ తగ్గాక అమౌరీ, మొలిచినప్పుడల్లా మళ్ళీ గీసుకున్న బోడితలతో, ముందు నడిచేవాడు. పక్కన డుకేసా, అతని పాత బనీనుని కత్తిరించి దయామి కుట్టిన చొక్కా తొడుక్కుని, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని నడిచేది. మొదట్లో మూల దాకా వెళ్ళి పరిగెత్తుకొచ్చేసేది. తర్వాత తర్వాత పార్కు దాకా వెళ్ళింది.

"నూనె డాక్టరూ! మా ఆయన బట్టతలకి కూడా రెండు చుక్కలు పొయ్యవూ?" అని మిగ్దాలియా అత్త కిటికీలోంచి అరిచేది.

"పోస్తే ఉన్నదీ ఊడుతుంది అత్తా!" అని అతనూ నవ్వేవాడు.

పేట మొత్తం నవ్వేది. దయామి మాత్రం ఆ మాట వినబడ్డప్పుడల్లా కిటికీ మూసేసేది. అతన్ని ఎవరేమన్నా సూటిగా తనకే తగిలేది.

వారానికోసారి వాకిట్లో స్నానం. అమౌరీ నీళ్ళు కాచేవాడు, దయామి మోచేత్తో వేడి చూసేది. ఇంట్లో రేషన్ కోటా గుడ్డు వస్తే డుకేసాకే. చేపలు దొరికినరోజు అమౌరీ ముళ్ళు తీసి వేళ్ళతో తినిపించేవాడు.

"నువ్వేం తిన్నావు ఇవాళ?" అని ఒకరోజు అడిగింది దయామి.

"బియ్యం, నల్లచిక్కుళ్ళు."

"చేప?"

"దొరసానిగారు మిగల్చలేదు."

అక్టోబరు చివర్లో ఒక సాయంత్రం కుక్కని ఒళ్ళో పెట్టుకుని వీపు నిమురుతున్నవాడు అలాగే ఆగిపోయాడు. "దయామీ! ఇటురా! చెయ్యి పెట్టు ఇక్కడ!" ఆమె చెయ్యి పట్టుకుని వీపు మీద పెట్టాడు. మెత్తగా, పీచులా, కంటికి ఆనీ ఆననంత నూగు. ఇద్దరి చేతులూ అక్కడే ఉండిపోయాయి. ఆమె కళ్ళెత్తి చూస్తే అతని కళ్ళు అప్పటికే ఆమె మీద ఉన్నాయి. అంత దగ్గరగా చూస్తే అతని కళ్ళు తేనెరంగు. దయామి చెయ్యి లాక్కుని, "షాంపూ అయిపోయింది," అని ఏదో అనేసి లోపలికెళ్ళిపోయింది.

డాక్టరమ్మకి మళ్ళీ చూపించి వస్తుంటే వాన పట్టుకుంది. మా దగ్గర వాన అంటే అదేదో కక్ష తీర్చుకున్నట్టు పడుతుంది. షెవర్లేకి వైపర్ ఒకటే ఉంది, అదీ సగంలో ఆగింది. అమౌరీ కారు పక్కకి తీశాడు. ఒక కిటికీ అద్దం పైకి రాదు, అటువైపు నుంచి జల్లు కొడుతోంది. ఇద్దరూ ఇటువైపు జరిగారు. మధ్యలో డుకేసా.

"నీ మీద నీళ్ళు పడుతున్నాయి," అంది దయామి.

"పడనీ. తలదువ్వుకునే పని లేదుగా."

డుకేసా ఒళ్ళు విదిలించుకుని దయామి ఒళ్ళోకి ఎక్కింది.

"ఇంకా నన్ను క్షమించలేదు కదూ నువ్వు?" అన్నాడు మెల్లిగా. "నాతో మాట్లాడేటప్పుడు నా మొహం చూడవు. కుక్కని చూస్తావు, గోడని చూస్తావు."

"అమౌరీ, నీకొక సంగతి చెప్పాలి."

"ముందు నన్ను చెప్పనీ, మళ్ళీ ధైర్యం రాదు. నాకు నువ్వంటే ఇష్టం. చాలా ఇష్టం. నీ జవాబు ఇప్పుడు అడగను. నీ ఇంట్లో అంత పని చేసి, ఏ మొహం పెట్టుకుని అడుగుతాను? డుకేసాకి జుట్టొచ్చి, మీ అమ్మమ్మ బాల్కనీ తలుపులు తెరిచిన రోజు అడుగుతా. తలెత్తుకుని అడుగుతా. సరేనా?"

చెయ్యని తప్పుకి తల దించుకుని కూర్చున్నాడు. చేసిన మనిషినే ప్రేమిస్తున్నానంటున్నాడు. దయామి కుక్కని జాకెట్లో దాచుకుని తలుపు తెరిచి ఆ వానలోకి దిగిపోయింది.

"దయామీ! తడిసిపోతావు! నేనేమన్నా తప్పుగా అన్నానా?"

ఆమె వెనక్కి తిరగలేదు. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని అమౌరీ అలాగే కూర్చున్నాడు. తన మొహం చూడ్డం కూడా ఆమెకిష్టం లేదని నిశ్చయించుకున్నాడు. ఆ తర్వాత స్నానాలకి నీళ్ళు కాచి మెట్ల దగ్గర పెట్టి, ఆమె దిగేలోపే వెళ్ళిపోవడం మొదలుపెట్టాడు.

డిసెంబరు వచ్చేసరికి డుకేసా ఒంటిమీద వేలి కణుపంత జుట్టు. ఎండ పడితే మెరుస్తోంది. ఒక సాయంత్రం బాల్కనీ తలుపులు కిర్రుమన్నాయి. ఒర్తెన్సియా అమ్మమ్మ కుర్చీ వేసుకుంది. నీళ్ళు చిలకరించి, కొసల నుంచి పైకి, తాబేటిడొప్ప దువ్వెనతో దువ్వింది. లోగిలంతా చప్పట్లు కొట్టింది.

"ఒరేయ్ అబ్బాయీ!" ఆవిడ వంగి కిందికి చూసింది. "పైకి రా, కాఫీ తాగుదువుగాని."

అమౌరీ బోడితల మీద చెయ్యి పెట్టుకుని నవ్వాడు. దయామి లోపలిగదిలో తలుపు వెనకాల నిలబడి అప్పటికే అరిగిపోయిన గోళ్ళని ఇంకా కొరుక్కుంది.

పదిహేడో తారీకున రింకోన్ రోడ్డంతా జనం. ఊదారంగు బట్టలు, కొవ్వొత్తులు, ఊతకర్రల మీద నిలబడ్డ సాన్ లాసరో బొమ్మలు, ఆయన కాళ్ళ దగ్గర కుక్కల బొమ్మలు. మా లోగిలి వాళ్ళందరం వెళ్ళాం. అమ్మమ్మ చేతుల్లో డుకేసా, మెడలో ఊదా రిబ్బను.

చర్చి ఇంకా చాలా దూరం ఉండగానే అమౌరీ ప్యాంటు మడిచి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గరుకు తారు, సన్నటి కంకర. కాస్త దూరం పోయాడో లేదో మోకాళ్ళు చీరుకుని ఎర్రటి చారలు పడ్డాయి.

దయామి పరిగెత్తుకొచ్చి అతని ముందు నిలబడింది.

"లే."

"పక్కకి జరుగు దయామీ. మొక్కు."

"అది నీ మొక్కు కాదు. నాది." గొంతు తగ్గించలేదు. "డుకేసా జుట్టు ఊడగొట్టింది ఆయిలు కాదు, నేను. చిక్కులు పడితే స్ట్రెయిటెనింగ్ క్రీమ్ పెట్టాను. పెట్టి మర్చిపోయాను. నీ మరక కనబడితే నీ మీదికి నెట్టేశాను."

"క్రీమా?" అంది మిగ్దాలియా అత్త. "మా అమ్మాయికి పెట్టావే, అదా?"

"అదే అత్తా."

వెనకాల ఎవరో, "ఈ పిల్ల చేతికా మా పిల్ల తల ఇద్దామనుకున్నాం," అనుకుంటూ వెళ్ళారు. దయామి విన్నది. తల దించుకోలేదు, అమౌరీనే చూస్తోంది.

అతను మోకాళ్ళ మీదే ఉన్నాడు. "ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"మొదటి రోజు నుంచి."

"గుండు గీసినరోజు కూడా?"

"తెలుసు."

"కార్లో నేను అదంతా వాగినప్పుడు..."

"తెలుసు అమౌరీ."

అతను లేచాడు. మోకాళ్ళు దులుపుకున్నాడు. ఆమె పక్కనుంచి నడిచి జనంలో కలిసిపోయాడు. బోడితల కాసేపు కనబడింది, తర్వాత అదీ లేదు.

దయామి అమ్మమ్మ వైపు తిరిగింది. ముసలావిడ డుకేసాని ఇంకా గట్టిగా పట్టుకుంది.

"నా కళ్ళెదుట నిలబడకు," అంది.

దయామి, అమౌరీ ఆపినచోట, ఆ రక్తపు చారల దగ్గర, గౌను పైకి దోపుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. ముందుకి జరిగింది. కంకర గుచ్చుకుంది. ఇంకొంచెం జరిగింది. మాలో ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. మిగ్దాలియా అత్త కూడా మొదటిసారి నోరు మూసుకుని పక్కన నడిచింది. దయామి ఏడుస్తూనే ఉంది, తుడుచుకోకుండా. సగం దూరం వచ్చేసరికి మోకాలు ఆన్చాలంటే పెదవి కొరుక్కోవాల్సి వస్తోంది.

ముందర చర్ చర్‌మని చప్పుడైంది. ఆకుకొమ్మ ఒకటి ఆమె మోకాళ్ళ ముందు కంకరని పక్కకి నెడుతోంది. మొక్కుతో వెళ్ళేవాళ్ళ ముందు అయినవాళ్ళు దారి ఊడవడం మా దగ్గర అలవాటే. కొమ్మ వెనక ఒంగిన బోడితల.

"వెళ్ళిపోయావనుకున్నా," అంది దయామి.

"వెళ్ళా. బస్సు దాకా వెళ్ళా." కొమ్మ ఆగలేదు. "కోపంగా ఉంది నాకు. చాలా ఉంది. అది ఇంటికెళ్ళాక చూపిస్తా."

"మరెందుకు ఊడుస్తున్నావు?"

"తోక దగ్గర మరక నాదేగా. నా వంతు నేను చేస్తున్నా."

ఆమె ఇంకో అడుగు జరిగింది. "ఆరోజు నన్నేదో అడుగుతానన్నావు. తలెత్తుకుని అడుగుతానన్నావు."

"ఇప్పుడు తలెత్తితే రాళ్ళు కనబడవు."

"అయితే నేనే అడుగుతా. ఎలాగూ మోకాళ్ళ మీదే ఉన్నా." దయామి చెంపలు ఏడుపుతోనో సిగ్గుతోనో కందిపోయాయి. "నన్ను చేసుకుంటావా?"

కొమ్మ ఆగింది. మిగ్దాలియా అత్త మా ఆవిడ భుజం గిల్లింది.

"జుట్టు మొలిచాక చెప్తా," అన్నాడు అమౌరీ.

"డుకేసాకి మొలిచిందిగా!"

"నాకు."

దయామి చర్చి మెట్ల దగ్గరికి చేరగానే అమ్మమ్మ చేతుల్లోంచి డుకేసా కిందికి దూకింది. పరిగెత్తుకెళ్ళి దయామి మోకాళ్ళు నాకడం మొదలుపెట్టింది. ముసలావిడ కాసేపు చూసింది.

"దీనికి సిగ్గు లేదు, అప్పుడే క్షమించేసింది," అంది. "నాకు టైం పడుతుంది." కానీ సంచీలోంచి ఆ దువ్వెన తీసి దయామి చేతిలో పెట్టింది. "రేపట్నుంచి సాయంత్రం నువ్వే దువ్వాలి. బాల్కనీలో కూర్చుని, అందరూ చూస్తుండగా."

దువ్వింది. పేటలో వాళ్ళు కింద ఆగి అడిగేవాళ్ళు, ఆమె ప్రతివాళ్ళకీ జరిగింది చెప్పేది. కొందరు పిల్లల్ని ఆమె సెలూన్‌కి పంపడం మానేశారు. కొందరు ఇంత చెప్పుకున్న మనిషి ఇంకేం దాస్తుందిలే అని కొత్తగా వచ్చారు. అమౌరీ కొన్నాళ్ళు ఆమెతో ముక్తసరిగానే ఉన్నాడు. అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పేవాడు. కానీ రోజూ సాయంత్రం బాల్కనీ కిందకొచ్చి షెవర్లేలో ఏదో ఒకటి విప్పేవాడు, అందులో విప్పడానికి ఏమీ లేకపోయినా. "ఎంతొచ్చింది?" అని పైనుంచి దయామి అడిగితే తల వంచి చూపించేవాడు. "మొక్కజొన్న పీచంత," అనేది ఆమె. ఇంకోరోజు, "బ్రష్షంత." అమ్మమ్మ నవ్వు దాచుకోడానికి మొహం అటు తిప్పుకునేది.

మామిడిపళ్ళు వచ్చాయి, మళ్ళీ వానలు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం జల్లు పడుతుండగా సెలూన్ కర్టెన్ తొలగింది. ఇస్త్రీ చొక్కా, మోచేతులదాకా తోముకున్న చేతులు. నుదుటి మీద, మొన్నమొన్ననే పొంగడం నేర్చుకుంటున్న నల్లని జుట్టు.

కుర్చీలో కూర్చున్నాడు. డుకేసా వచ్చి అతని కాళ్ళ మీద పడుకుంది. దాని కాళ్ళు మళ్ళీ కనబడ్డం మానేస్తున్నాయి.

దయామి తువ్వాలు కప్పి అద్దంలోంచి అతన్ని చూసింది. ఈసారి మొహం తిప్పుకోలేదు. "ఏం చెయ్యమంటావు?"

"నువ్వడిగినదానికి జవాబు చెప్పడానికొచ్చా."

"చెప్పు మరి."

"చేసుకుంటా," అన్నాడు అమౌరీ. "క్రీమ్ మాత్రం పెట్టకు."